తుఫాను రోజులు తీసేసిన లెక్క

మా మేడం గారు పోయారన్న కబురు నాకు సముద్రం ఒడ్డు నుంచి వచ్చింది. ఆవిడ ఉండేది రాజమండ్రిలో, లూథరన్ చర్చికి రెండు వీధుల అవతల. ఫోన్ చేసింది మాత్రం యానాం దిగువన, గౌతమి సముద్రంలో కలిసే మొగ దగ్గరున్న ఊరి నుంచి ఒక బోటు సరంగు.

"అమ్మాయిగారాండి? నేనండి, సరంగుని. మేడం గారు లేరంటండి. ఇప్పుడే వాళ్ల చెల్లెలుగారు ఫోన్ చేశారు."

తునిలో నేను పాఠం చెప్పే కాలేజీకి సెలవు పెట్టి రైలెక్కాను.

పొద్దున్నే కాఫీ కలుపుకుని కుర్చీలో కూర్చున్నారట. చెల్లెలు గారు పాలు లోపల పెట్టి వచ్చేసరికి కాఫీ అలాగే ఉంది, ఈవిడ లేరు. అందరికంటే ముందు సరంగుకి ఎందుకు చెప్పారని తరవాత ఆ చెల్లెలు గారిని అడిగాను. "అక్క ఫోన్ తీసి చూస్తే పైన ఆ నంబరే ఉందమ్మా. కిందకి జరిపితే మళ్లీ అదే. రోజూ పొద్దున్న ఒకే నంబరు. బాగా దగ్గరవాళ్లు అనుకున్నాను" అన్నారు.

ఆవిడ అనుకున్నది తప్పేమీ కాదు. కానీ అది ఎలా మొదలైందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

మేడం గారు ఇంజనీరింగ్ కాలేజీలో నీటి ప్రవాహాల గురించి పాఠం చెప్పేవారు. పెళ్లి చేసుకోలేదు. నేను ఆవిడ దగ్గర ఎం.టెక్ చదివాను. చదువు అయ్యాక కొవ్వూరులో ఇంట్లో ఖాళీగా ఉంటే పిలిపించి, "అమ్మాయ్, సముద్రంలో పని ఉంది, వస్తావా?" అన్నారు. బయటి ఊరి కంపెనీ ఒకటి మన తీరంలో అలల మీద కరెంటు తీసే కేంద్రం పెట్టాలనుకుంటోందని, అంతకుముందు అక్కడి అలల్లో అసలు ఎంత సత్తా ఉందో కొలిచి చెప్పమన్నారని చెప్పారు. జీతం చిన్నదే. మొదటి ఏడాది బాగా జరిగితే రెండో దశ ఉంటుందనీ, అందులో నా ఉద్యోగం గట్టిపడుతుందనీ కంపెనీ వాళ్లు అన్నారు. నేను వెంటనే సరేనన్నాను.

పని చెప్పుకోవడానికి తేలికే. అల ఎంత ఎత్తు లేస్తోంది, ఒక అలకీ తరవాతి అలకీ మధ్య ఎంతసేపు పడుతోంది, ముఖ్యంగా ఈ రెండూ తెలియాలి. అల ఎత్తు రెట్టింపైతే దానిలోని శక్తి నాలుగింతలవుతుంది. సగమైతే నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే ఒక పూట ఒడ్డున నిలబడి చూసి చెప్పగలిగేది కాదు. మొగ బయట నీళ్లలో గొలుసు వేసి, పైన తేలే ఒక పసుపుపచ్చ బోయాను కట్టాం. అది అలతో పాటు లేస్తూ పడుతూ లోపల లెక్క రాసుకుంటుంది. మేము వారానికోసారి పడవలో వెళ్లి ఆ లెక్క తీసుకుని, బోయాకి పట్టిన నాచూ గుల్లలూ గీకి రావాలి.

ఆ పడవ సరంగుదే. అప్పటికి యాభై దాటిన మనిషి. మేడం గారిని మొదటిసారి చూసి, "ఈవిడగారు వస్తారాండి లోపలికి?" అని నన్ను పక్కకి పిలిచి అడిగాడు.

వచ్చారు. ప్రతి వారమూ వచ్చారు. ప్రతి వారమూ వాంతి చేసుకున్నారు. పడవ మొగ దాటి మొదటి కెరటం ఎక్కగానే ఆవిడ మొహం తెల్లబడేది. నిమ్మకాయ వాసన చూసేవారు, అల్లం ముక్క బుగ్గన పెట్టుకునేవారు, ఏదీ పనిచేసేది కాదు. పడవ అంచు మీదకి వంగి, అయ్యాక నోరు కడుక్కుని, పైట చెంగుతో తుడుచుకుని, పుస్తకం తీసి పెన్సిల్‌తో గాలి ఎటునుంచి వీస్తోందో రాసుకునేవారు. నేనొక్కదాన్నే వెళ్లొస్తానని ఎన్నోసార్లు అన్నాను. "రాసేది నేనైతే చూసేదీ నేనే కావాలి కదా" అనేవారు.

ఆవిడ పుస్తకంలో ప్రతి పేజీకీ చివర ఒక ఖాళీ గడి ఉండేది. పైన "తెలియదు" అని రాసి ఉండేది. బోయా పనిచేయని రోజులు, అనుమానం వచ్చిన కొలతలు అందులోకి వెళ్లేవి. నేను గీసిన పట్టికలో ఆ గడి లేకపోతే వెనక్కి ఇచ్చేసేవారు. "తెలియంది పెట్టుకోవడానికి చోటు లేకపోతే, అమ్మాయ్, దాన్ని తీసుకెళ్లి తెలిసినదాంట్లో కలిపేస్తాం" అన్నారొకసారి.

మొదటి కొన్ని నెలల కొలతలు చప్పగా ఉన్నాయి. మాఘ ఫాల్గుణాల్లో సముద్రం పళ్లెంలో పోసిన నీళ్లలా ఉండేది. నైరుతి గాలులు మొదలయ్యాక కొంచెం లేచింది. కంపెనీ తరఫున వచ్చే మేనేజరు, చక్కగా మాట్లాడే కుర్రాయన, కాగితాలు చూసి పెదవి విరిచేవాడు.

తరవాత తుఫాను వచ్చింది. మూడు రోజులు ఎవరూ సముద్రం వైపు పోలేదు. ఊళ్లో కరెంటు స్తంభాలు పడిపోయి, ఐస్ ఫ్యాక్టరీ ఆగిపోయి, ఉన్న కాస్త చేపా కుళ్లిపోయింది. మా బోయా తెగిపోయి ఉంటుందనుకున్నాం. తెగలేదు. వెళ్లి లెక్క తీసి చూస్తే, ఆ మూడు రోజుల్లోనే అంతకుముందు నెలల తరబడి రానంత శక్తి వచ్చింది. దాన్ని కలిపితే ఏడాది సరాసరి ఒక్కసారిగా పైకి లేచింది.

మేనేజరు ఆ వారమే రాజమండ్రి వచ్చాడు. కాలేజీ గదిలో మేడం గారి ఎదురుగా కూర్చుని నవ్వుతూ అన్నాడు.

"ఇదే కదండీ మేడం, మనకి కావాల్సింది."

"ఆ మూడు రోజులూ మీ మిషను నడుస్తుందాండి?"

"నడవదండి. అంత సముద్రంలో నడిపితే విరిగిపోద్ది. లాక్ చేసి ఆపేస్తాం."

"ఆపేసిన రోజుల కరెంటుని సరాసరిలో ఎలా కలపమంటారండి?"

"సముద్రంలో ఉన్నదే కదండీ రాస్తున్నాం. అబద్ధం కాదు కదా."

"సముద్రంలో ఉన్నది ఒక కాగితం మీద రాస్తాను. మీరు తీయగలిగింది ఇంకో కాగితం మీద రాస్తాను. జనానికి చూపించేది రెండోది" అన్నారావిడ. టీ తాగి వెళ్లమన్నారు. ఆయన తాగలేదు.

తరవాత జరిగిందానికి బాధ్యత నాది. ఆ సాయంత్రం మేనేజరు నాకు ఫోన్ చేశాడు. అన్ని రోజులూ కలిపిన పట్టిక ఒకటి పంపమన్నాడు, లోపల మా వాళ్లు చూసుకోవడానికేనన్నాడు. రెండో దశలో నా పేరు ఇప్పటికే రాసేశామని కూడా అన్నాడు. నేను మేడం గారిని అడగకుండా పంపేశాను. అది దొంగ లెక్క కాదు కదా, ఉన్న కొలతలే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. పట్టికలో "తెలియదు" గడి మాత్రం తీసేశాను. ఆయన అలా అడగలేదు. నేనే తీశాను.

రెండు వారాలకి మేము బోయా దగ్గరికి వెళ్లడానికి ఊళ్లోకి దిగేసరికి, చేపలు వేలం పాడుకునే షెడ్డు ముందు పెద్ద ఫ్లెక్సీ కట్టి ఉంది. మన సముద్రం, మన కరెంటు అని పైన. కింద నా పట్టికలోని సరాసరి అంకె, మనిషంత అక్షరాల్లో. ఇక తుఫానొచ్చినా ఊళ్లో దీపం ఆరదని, ఐస్ ఫ్యాక్టరీ ఆగదని రాశారు. సరంగు మమ్మల్ని చూసి ఎదురొచ్చి చేతులు పట్టుకున్నంత పని చేశాడు. "మీ చలవేనండి మేడం గారూ!"

మేడం గారు ఫ్లెక్సీ కేసి కాసేపు చూశారు. నా వైపు తిరిగి, మామూలు గొంతుతో, "ఆ అంకె ఎక్కడిది?" అన్నారు.

"నేను పంపానండి."

"ఎప్పుడు?"

చెప్పాను. పుస్తకం తీసి ఆ తారీఖు రాసుకున్నారు. ఆ రోజు కూడా పడవ ఎక్కారు, వాంతి చేసుకున్నారు, గాలి రాసుకున్నారు. తిరుగు ప్రయాణంలో యానాం దగ్గర బస్సు ఆగినప్పుడు అన్నారు. "ఆదివారం చర్చి అయ్యాక మళ్లీ వద్దాం. ఊరివాళ్లకి చెప్పాలి. నువ్వు మాట్లాడక్కర్లేదు. కానీ ఉండాలి."

ఆ ఆదివారం ఎలా గడిచిందో నాకు ఇప్పటికీ పూర్తిగా గుర్తే. షెడ్డులో అరవై డెబ్భై మంది కూర్చున్నారు. ఆడవాళ్లు ఒక పక్క, వలలు ముందేసుకుని కన్నాలు కుట్టుకుంటూ. మేడం గారు నిలబడి, ఫ్లెక్సీ మీద ఉన్న అంకె తప్పుగా అర్థమయ్యేలా రాశారని, తుఫాను రోజుల బలాన్ని మిగతా రోజులకి పంచి చూపించారని చెప్పారు. ఆ రోజుల్లో మిషను ఆగే ఉంటుంది కాబట్టి ఆ కరెంటు మీ ఇంటికి రాదన్నారు. మిగతా ఏడాది ఇక్కడి కెరటం ఇప్పుడున్న మిషన్లకి చాలదన్నారు. ఎవరు పంపారో చెప్పలేదు. "మా దగ్గర నుంచే వెళ్లింది. తప్పు మాది" అన్నారు.

సరంగు లేచాడు. మొహం ఎర్రగా ఉంది.

"అంటే మా సముద్రం చేతకానిదంటారాండి? మా నాన్నని మింగిందండి ఇది. ఆ మొగలోనే. దీనికి బలం లేదని మీరు పుస్తకంలో రాస్తారా?"

"చంపడానికి ఒక్క పూట బలం చాలండి" అన్నారు మేడం గారు. "దీపం వెలగాలంటే రోజూ ఉండాలి."

ఆయన విననట్టే బయటికి వెళ్లిపోయాడు. ఆయన వెనకాల కొందరు వెళ్లారు. వల కుడుతున్న ఒకావిడ తల ఎత్తకుండా, "మరి ఇన్నాళ్లూ ఎందుకు కొలిచారమ్మా?" అని అడిగింది.

"తెలియక కొలిచానండి. తెలిసుంటే కొలిచేదాన్ని కాదు."

ఆవిడ సరంగు భార్య అని నాకు తరవాత తెలిసింది. కుట్టడం ఆపి మేడం గారిని పరకాయించి చూసింది.

"ఐస్ ఫ్యాక్టరీ సంగతి పక్కనెట్టండి. మొగలో ఇసుక మేట ఏడాదికో చోటికి జరుగుద్ది. చీకట్లో వచ్చే పడవలు అది కానక తిరగబడుతున్నాయి. మా మావయ్య పోయింది అలాగే. అక్కడ ఒక్క దీపం వెలిగేంత కరెంటన్నా ఇస్తుందా మీ కెరటం?"

మేడం గారు వెంటనే అవునని అనలేదు. పుస్తకంలో రాసుకుని, "కనుక్కుని చెప్తానండి" అన్నారు.

రిపోర్టు ఆవిడ రాయాలనుకున్నట్టే రాశారు. ఈ తీరం అలల కరెంటుకి పనికిరాదని రాయలేదు. ఇప్పుడున్న యంత్రాలకి ఇక్కడ ఏడాదిలో ఎక్కువ రోజులు చాలినంత అల లేదని, యంత్రాలు మారితే మళ్లీ కొలవాలని రాశారు. కంపెనీ వాళ్లు పని వదిలేసి వెళ్లిపోయారు. రెండో దశ లేదు. కాలేజీలో కొందరు పెద్దలు, చేతికొచ్చిన ప్రాజెక్టుని కాలదన్నిందని ఆవిడ మీద గుర్రుగా ఉండేవారు. స్టాఫ్ రూములో ఆ మాట ఆవిడ వినేలాగే అనేవారు. ఆవిడ పేపర్లు దిద్దుకుంటూ ఉండేవారు.

నేను కొవ్వూరు వెళ్లిపోయాను. నిజం చెప్పాలంటే కొన్ని నెలలు ఆవిడ మీద కోపంగానే ఉన్నాను. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు, అలాగని ఫరవాలేదని కూడా అనలేదు. తునిలో ఉద్యోగానికి దరఖాస్తు పెడుతూ ఒక ఉత్తరం కావాలని అడిగితే, కవరు అతికించి పంపారు. ఇంటర్వ్యూలో ప్రిన్సిపాల్ గారు దాన్ని చదివి, కళ్లజోడు సర్దుకుని, నాకే చదివి వినిపించారు. నా పని గురించి నాలుగు మంచి మాటలు రాశాక ఇలా ఉంది: "ఒకసారి నన్ను అడగకుండా ఒక పట్టిక బయటికి పంపింది. అడిగితే వెంటనే నిజం చెప్పింది. ఆ తరవాత ఆమె గీసిన పట్టికలన్నీ నేను స్వయంగా చూశాను. వాటిలో లోపం లేదు."

తనంతట తానే చెప్పిందని రాసి ఉండొచ్చు. అడిగితే చెప్పిందని రాశారు. ప్రిన్సిపాల్ గారు నవ్వి, "ఇలాంటి ఉత్తరం నేనెప్పుడూ చూడలేదమ్మా. దీన్ని నమ్మొచ్చు" అన్నారు. ఉద్యోగం వచ్చింది. ఆ రోజే ఆవిడకి ఫోన్ చేశాను. "మంచిది. సెలవు రోజుల్లో వస్తే మొగలో దీపం పని ఉంది" అన్నారు.

వెళ్లాను. కాలేజీ వర్క్‌షాపులో పిల్లల చేత ఒక చిన్న బోయా చేయించారావిడ. కెరటంతో పాటు లోపల అయస్కాంతం కదిలితే తీగచుట్టలో కరెంటు పుడుతుంది, పైన దీపం వెలుగుతుంది. దాన్ని ఇసుక మేట అంచున కట్టడానికి సరంగు రాలేదు. వేరే పడవలో వెళ్లాం. కానీ మర్నాడు పొద్దున్న, మొగ దాటొచ్చిన ఆయన, భార్య ఫోన్ అందిస్తే మేడం గారితో ఒక్క ముక్క అన్నాడట. "వెలిగిందండి."

అప్పటి నుంచి మొదలైంది ఆ ఫోను. రోజూ పొద్దున్న ఆవిడ అడిగేవారు, "వెలిగిందాండి?" ఆయన చెప్పేవాడు, వెలిగింది, లేదు, కొంచెంగా వెలిగింది. ఆవిడ రాసుకునేవారు. ఊరంతా దాన్ని కెరటం దీపం అనేది. సరంగు దాన్ని గీకి శుభ్రం చేయడం కూడా మొదలెట్టాడు, ఎవరూ అడక్కుండానే.

ఏడాది తిరిగాక మేడం గారు ఆ పుస్తకం పట్టుకుని ఊరికి వెళ్లారు. నేనూ ఉన్నాను. సముద్రం పళ్లెంలా ఉన్న నెలల్లో చాలా రోజులు దీపం వెలగలేదు. దాన్ని తీసేసి ఎండతో నడిచే దీపం పెడదామన్నారావిడ. సరంగు ఒప్పుకోలేదు.

"మన కెరటం దీపం తీసేస్తారాండి? ఇన్నాళ్లు కష్టపడి?"

"వెలగని రోజున పడవ వస్తేనండి?"

"సముద్రం మీద పుట్టిన దీపమండి ఇది. మీరు చేసిందండి."

"నేను చేసిందే కాబట్టి దాని సంగతి నాకు బాగా తెలుసండి" అన్నారు. ఆవిడ జీవితంలో ఎక్కువ భాగం అలల లెక్కల్లోనే గడిచింది. వాటితో ఆవిడ వెలిగించగలిగింది అదొక్కటే.

సరంగు చాలాసేపు ఇసుకలో కాలితో గీతలు గీస్తూ నిలబడ్డాడు. తరవాత తనే వెళ్లి ఆ బోయాని విప్పి తెచ్చాడు. ఇంకో నెలకి ఎండ దీపం కట్టారు. అది ఏ రోజూ ఆరలేదు. ఆవిడ ఫోన్ చేయడం మానలేదు. ప్రశ్న మారింది, అంతే. "ఈరోజు ఎలా ఉందండి సముద్రం?" అని. రిటైరయ్యాక కూడా, అడగాల్సిన పనేదీ లేకపోయినా.

సమాధి దగ్గరికి ఊరి నుంచి వ్యాను కట్టుకుని పదిహేను మంది వచ్చారు. పాస్టరు గారు ప్రార్థన చేస్తుంటే సరంగు, ఏం చేయాలో తెలియని మనిషిలా, చేతులు కట్టుకుని చివర నిలబడ్డాడు. కాలేజీ తరఫున వచ్చినవాళ్లు ఆవిడ సేవల గురించి మాట్లాడారు. ఒకాయన అలల కరెంటులో ఆవిడ ఎంతో సాధించారని కూడా అన్నాడు. ఆవిడ ఉంటే దాన్ని దిద్దేవారు. నేను దిద్దలేదు.

పోయిన వారం ఆ ఊరు వెళ్లాను. సరంగుకి ఇప్పుడు చూపు తగ్గింది. పడవని అల్లుడు నడుపుతున్నాడు. సాయంత్రం పూట ఆయనా, ఆయన భార్యా, నేనూ మొగ ఒడ్డున ఇసుకలో కూర్చున్నాం. ఇంకా వెలుతురుండగానే మేట అంచున దీపం మిణుకుమిణుకుమనడం మొదలెట్టింది. కాసేపటికి చేపల బరువుతో నీళ్లలోకి దిగిపోయిన పడవ ఒకటి వచ్చి, దీపానికి ఇవతలగా తిరిగి, మొగ బయట ఆగింది. ఇంజను గుడగుడలాడుతోంది. నడిపేవాడు ఒక కెరటాన్ని పోనిచ్చాడు. ఇంకోదాన్ని పోనిచ్చాడు. మూడోది కింద నుంచి ఎత్తుకోగానే ఒక్కసారిగా ఇంజను జోరు పెంచాడు. పడవ దాని వీపు మీద కూర్చుని, ఏమాత్రం తొణక్కుండా, నది లోపలికి వచ్చేసింది.